మీరడిగారు, మేం చెప్తున్నాం: కారు బయట, కీ ఇంట్లో, దొంగ మధ్యలో

పోయిన నెల బ్యాటరీ డౌన్ అవ్వడం గురించి రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం బ్యాటరీ గురించి కానే కాదు, "సార్ బ్యాటరీ సంగతి తర్వాత, అసలు కారే పోతే ఏం చెయ్యాలి" అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దొంగతనాలకే ఇచ్చేశాం. నేను పోలీసుని కాదు, చాలా ఏళ్ళు కార్ల వైరింగ్ పని చేసినవాణ్ణి, కాబట్టి వైర్లు, కీలు, రిలేలు వైపు నుంచే చెప్తాను. ఒకటి మాత్రం ముందే అనేస్తున్నా, ఇప్పటి దొంగకి కారుతో పెద్దగా పని లేదు, వాడి పనంతా మీ కీతోనే. చాలామంది కారుని కాపాడుకోవడానికి తెగ కష్టపడతారు, కీని మాత్రం గుమ్మం పక్కన మేకుకి తగిలించి పడుకుంటారు.

ప్రశ్న: మాది పుష్ బటన్ స్టార్ట్ కారు. రాత్రి ఇంటి ముందే పెట్టాం, పొద్దున లేచేసరికి లేదు. రెండు కీలూ ఇంట్లోనే ఉన్నాయి, కింద ఒక్క అద్దం పెంకు కూడా లేదు. కెమెరాలో చూస్తే ఇద్దరున్నారు, ఒకడు మా తలుపు దగ్గర పలకలాంటిదేదో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఇంకొకడు కారు పక్కన నిలబడ్డాడు. నిమిషంలో వెళ్ళిపోయారు. చుట్టాలందరూ నువ్వే కీ ఎక్కడో పారేసుంటావ్ అంటున్నారు. అసలేం జరిగింది సార్?

ముందు ఈ పేజీ తీసుకెళ్ళి మీ చుట్టాలకి చూపించండి, మీ తప్పేం లేదు.

రోజూ కీ జేబులోనే పెట్టుకుని వెళ్ళి హ్యాండిల్ పట్టుకోగానే తలుపు తెరుచుకుంటుంది కదా, అక్కడ జరిగేదేంటంటే కారు చిన్న గొంతుతో "ఉన్నావా" అని పిలుస్తుంది. ఆ పిలుపు చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, ఒకటి రెండు మీటర్లు దాటి పోదు, కావాలనే అలా పెట్టారు. కీకి ఆ పిలుపు వినబడితే 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో "ఇక్కడే ఉన్నా" అని బదులిస్తుంది, ఈ బదులు మాత్రం బాగా దూరం పోతుంది. ఇక కారు లెక్క ఏంటంటే, నా గొంతే అంత చిన్నది, అది వినబడిందంటే కీ నా పక్కనే ఉన్నట్టు. దెబ్బంతా ఈ లెక్క మీదే కొట్టారు. కారు దగ్గర నిలబడ్డవాడి చేతిలో పరికరం కారు పిలుపుని పట్టుకుని రెండోవాడికి పంపిస్తుంది, మీరు చూసిన ఆ పలక ఉంది చూడండి, అది యాంటెన్నా, అది ఆ పిలుపుని మీ గోడ లోపలికి గట్టిగా అరుస్తుంది. మేకుకి వేలాడుతున్న కీకి తెలీదు కదా, యజమానే వచ్చాడనుకుని బదులిచ్చేస్తుంది. తలుపు తెరుచుకుంది, బటన్ నొక్కితే ఇంజన్ కూడా స్టార్ట్ అయింది. ఇందులో కోడ్ పగలగొట్టింది లేదు, తాళం విరిచింది లేదు, మాటలు మోశారంతే.

దీన్ని రిలే ఎటాక్ అంటారు. ఇదేదో నిన్నమొన్న పుట్టింది కూడా కాదు, 2011లోనే స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు 8 కంపెనీలకి చెందిన 10 మోడళ్ళ మీద చేసి చూపించారు, పదికి పదీ లొంగిపోయాయి. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అవే కీలు అమ్ముతూ పోయారంటే ఇక మనమేం అంటాం.

మరి కీ ఇంట్లో ఉండిపోయింది కదా, దారిలో ఇంజన్ ఎందుకు ఆగలేదు అని చాలామంది అడుగుతారు. ఆగకూడదు. మీరు రోడ్డు మీద స్పీడ్‌గా వెళ్తున్నప్పుడు కీ బ్యాటరీ అయిపోయిందనుకోండి, కారు టక్కున ఆగిపోతే మనుషులు పోతారు, అందుకే ఒకసారి స్టార్ట్ అయ్యాక కీ కనబడకపోయినా వార్నింగ్ ఇస్తుంది తప్ప ఇంజన్ ఆపదు. దొంగ ఆపకుండా ఓ మూలకి తీసుకెళ్ళి తీరిగ్గా కొత్త కీ ప్రోగ్రామ్ చేసుకుంటాడు.

ప్రశ్న: కీని ఫ్రిజ్‌లో పెడితే సిగ్నల్ బయటికి పోదంట, నిజమేనా? మా అబ్బాయేమో మైక్రోవేవ్‌లో పెట్టమంటున్నాడు.

మైక్రోవేవ్‌లో వద్దమ్మా. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చూసుకోకుండా ఆన్ చేస్తారు, కీ కాలిపోతుంది, దొంగ అక్కర్లేకుండానే కారు నిలబడిపోద్ది. ఫ్రిజ్ తలుపు చుట్టూ రబ్బరు ఉంటుంది, రేకుకీ రేకుకీ మధ్య సందు ఉంటుంది, దాన్నీ నమ్మలేం, పైగా చల్లదనానికి కీలో బ్యాటరీ దెబ్బతింటుంది. మూత గట్టిగా బిగిసే రేకు డబ్బా కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చెయ్యదు. సిగ్నల్ ఆపే సంచులు విడిగా దొరుకుతాయి, ఫారడే పౌచ్ అంటారు, లోపల లోహపు దారంతో నేసిన గుడ్డ పొర ఉంటుంది. 1836లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త లోహపు రేకు అతికించిన గదిలో కూర్చుని బయటి కరెంటు లోపలికి రాదని నిరూపించాడు, అదే సూత్రం, ఆయన గదంత సైజులో చేస్తే మనం జేబులో పట్టేంత చేసుకున్నాం.

ఏది కొన్నా పరీక్ష మాత్రం ఒకటే. కీని అందులో పెట్టి మూత పూర్తిగా మూసి కారు పక్కన నిలబడి, సంచిని హ్యాండిల్‌కి ఆనించి పట్టుకుని మరీ హ్యాండిల్ లాగండి. తలుపు తెరుచుకుంటే ఆ సంచి చెత్తబుట్టకే.

ఇదేదో తెలివిగా చెప్తున్నా అనుకోకండి, నేనే బోల్తా పడ్డాను. నా పౌచ్‌ని కొన్నరోజు పరీక్ష చేశా, బ్రహ్మాండంగా పనిచేసింది, ఇక రెండేళ్ళు దాని ముఖం చూడలేదు. ఒకరోజు సామాన్లతో రెండు చేతులూ నిండి ఉన్నాయి, పౌచ్ జేబులోనే ఉంది, అలవాటు కొద్దీ వేలితో హ్యాండిల్ తడిమితే తలుపు టక్‌మని తెరుచుకుంది. అక్కడే నిలబడిపోయా. ఇంటికెళ్ళి పౌచ్‌ని తిరగేసి దీపం కింద చూస్తే మడత పడే చోట లోపలి గుడ్డ అరిగిపోయి వేలెడంత గీతలా చిరిగుంది, పైన తోలు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అంటే ఎన్ని నెలల నుంచి ఉత్త సంచిలో కీ పెట్టి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయానో దేవుడికే తెలియాలి. అప్పట్నుంచీ రెండు మూడు నెలలకోసారి హ్యాండిల్ లాగి చూస్తున్నా.

ఇంకో మాట, అందరూ వాడే కీని సంచిలో పెడతారు, స్పేర్ కీని బీరువాలో వదిలేస్తారు. బీరువా గోడకి ఆనుకుని ఉందనుకోండి, గోడ అవతల దొంగ. రెండింటికీ రెండు సంచులు ఉండాల్సిందే. డబ్బులు ఖర్చు లేని దారి కూడా ఉంది, చాలా కార్లలో కీలెస్ ఎంట్రీని సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు, కొన్ని కీలని బటన్లు ఒక వరసలో నొక్కి నిద్రపుచ్చొచ్చు, మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా డాష్‌బోర్డులో పడేసిన ఆ పుస్తకమే. కొత్త కీలు కొన్నింట్లో కదలిక పసిగట్టే సెన్సర్ ఉంటుంది, కాసేపు కదలకుండా బల్ల మీద పడుంటే వాటంతటవే బదులివ్వడం మానేస్తాయి. ఇంకా కొత్తవి అల్ట్రా వైడ్‌బ్యాండ్ కీలు, అవి సిగ్నల్ ఎంత గట్టిగా వినబడిందని చూడవు, వెళ్ళి రావడానికి ఎంత టైమ్ పట్టిందని లెక్కేస్తాయి, దొంగ గొంతు పెంచగలడు గానీ టైమ్ తగ్గించలేడు కదా. కారు కొనేముందు ఇది ఉందా అని అడగండి, సేల్స్ కుర్రాడికి తెలియకపోతే తెలిసినవాడిని పిలవమనండి.

ప్రశ్న: రిమోట్ నొక్కి లాక్ చేసే వెళ్ళాను, ఒట్టు. తిరిగొచ్చేసరికి అద్దం పగల్లేదు, లోపల ల్యాప్‌టాప్ లేదు. ఎలా?

నొక్కారు, అది నిజమే అయ్యుంటుంది. లాక్ పడిందా లేదా చూశారా? పార్కింగ్‌లో ఎవడో జామర్, అంటే సిగ్నల్‌ని అడ్డుకునే పరికరం, పట్టుకుని కూర్చుంటే మీ రిమోట్ అరుపు కారుకి వినబడదు, మీరేమో వెనక్కి తిరక్కుండా భుజం మీద నుంచి బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతారు. లైట్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా, టక్‌మని చప్పుడొచ్చిందా, ఈ మూడింట్లో ఒకటైనా గమనించాలి, అన్నిటికంటే మంచిది ఒకసారి హ్యాండిల్ లాగి చూడ్డం. (కీ జేబులో ఉంటే కొన్ని కార్లు లాగగానే తెరుచుకుంటాయి, అలాంటివాళ్ళు లైట్ల మీద ఆధారపడాల్సిందే.) ఒకసారి నొక్కితే పనిచెయ్యక రెండోసారికి పనిచేసిందనుకోండి, అది కూడా అనుమానించాల్సిన విషయమే. రిమోట్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త కోడ్ పంపుతుంది. 2015లో శామీ కామ్‌కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు అరచేతిలో పట్టే పరికరం చేసి చూపించాడు, అది మొదటి కోడ్‌ని కారుకి చేరనివ్వకుండా పట్టుకుని దాచుకుంటుంది, మీరు మళ్ళీ నొక్కితే రెండోదాన్ని దాచుకుని మొదటిదాన్ని కారుకిస్తుంది, మీకు లాక్ పడినట్టే ఉంటుంది, దొంగ చేతిలో ఇంకా వాడని కోడ్ ఒకటి మిగిలిపోతుంది. అందుకని సిగ్నల్ తేడాగా అనిపిస్తే అక్కణ్ణుంచి కారు తీసేసి ఇంకోచోట పెట్టుకోండి, లేదా తలుపు మీద బటన్‌తోనో మామూలు తాళంతోనో లాక్ చెయ్యండి.

ల్యాప్‌టాప్ సీటు మీద ఎందుకుందో అడగను లెండి.

ప్రశ్న: స్టీరింగ్‌కి తగిలించే ఇనుప రాడ్ లాక్ కొందామంటే మా ఆయన నవ్వుతున్నారు, ఇంత సెన్సర్లున్న కారుకి ఆ రాడ్డేంటి, ముత్తాతల నాటిది అని. మీరేమంటారు?

కొనెయ్యండమ్మా, ఈ పందెంలో మీరే గెలిచారు.

మీవారు చెప్పేదాంట్లో ఒక ముక్క నిజం ఉంది, ఆ రాడ్‌ని కొయ్యొచ్చు, రాడ్ గట్టిగా ఉంటే స్టీరింగ్ చక్రాన్నే కోసి రాడ్ లాగెయ్యొచ్చు. కానీ కొయ్యాలంటే రంపమో గ్రైండరో కావాలి, చప్పుడవుతుంది, టైమ్ పడుతుంది, ఇంతకుముందు ఉత్తరంలో చూశారు కదా ఆ ఇద్దరూ నిమిషంలో వెళ్ళిపోయారు, వాళ్ళ వ్యాపారమే ఆ నిమిషం మీద నడుస్తుంది. అద్దంలోంచి పసుపురంగో ఎర్రరంగో రాడ్ కనబడితే పక్క కారు వైపు చూస్తారు. పక్క కారువాడికి అన్యాయం కదా అంటే, వాణ్ణీ ఒకటి కొనుక్కోమనండి.

అమెరికా కథ చెప్తే మీవారు నవ్వడం ఆపుతారు. అక్కడ అమ్మిన కొన్ని హ్యుందాయ్, కియా కార్లలో, 2011 నుంచి 2022 దాకా వచ్చిన మోడళ్ళలో చాలావాటికి, మామూలు తాళంతో స్టార్ట్ అయ్యేవాటికి, ఇమ్మొబిలైజర్ లేదు. ఇమ్మొబిలైజర్ అంటే కీలో ఉండే చిన్న చిప్‌ని చూసి, అది సరైనది కాకపోతే ఇంజన్‌ని స్టార్ట్ అవ్వనివ్వని ఏర్పాటు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకి అది తప్పనిసరి, కెనడాలో 2007 నుంచి, అమెరికాలో అలాంటి రూల్ లేదు కాబట్టి అక్కడ వదిలేశారు. 2021, 22 ప్రాంతంలో పిల్లలు స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ పీకి ఫోన్ చార్జింగ్ యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి స్టార్ట్ చేసే వీడియోలు టిక్‌టాక్‌లో పెట్టారు, ఇక ఊళ్ళకి ఊళ్ళు కార్లు పోయాయి. 2023లో కంపెనీలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాయి, దాంతోపాటు అక్కడి పోలీసుల ద్వారా జనానికి ఊరికే ఏం పంచాయో తెలుసా? స్టీరింగ్ లాక్ రాడ్లు. మీవారికి చదివి వినిపించండి.

వాడేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రాడ్ బిగించాక చక్రాన్ని తిప్పి చూడండి, పక్కకి తగిలి ఆగాలి. వదులుగా తగిలించి వెళ్ళేవాళ్ళని చాలామందిని చూశా.

ప్రశ్న: అలారం మోగితే చాలదా?

మీ వీధిలో చివరిసారి కారు అలారం మోగినప్పుడు మీరు లేచి చూశారా, దిండు చెవి మీద పెట్టుకున్నారా?

ప్రశ్న: కీ పౌచ్‌లో పెడుతున్నా, స్పేర్ కీ కూడా. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

రిలే విషయంలో ఉండొచ్చు. కానీ దొంగలు కూడా పత్రికలు చదువుతారు కదండీ.

2022లో ఇంగ్లండ్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన టొయోటా రావ్4 పోయింది. ఆయన మామూలు మనిషి కాదు, కార్ల సైబర్ సెక్యూరిటీయే ఆయన పని, అంటే దొంగలు పోయిపోయి పోలీసు ఇంట్లోనే పడ్డట్టు. పోవడానికి ముందు కొన్నాళ్ళుగా ఎవరో ముందు బంపర్ లాగి హెడ్‌లైట్ దగ్గర వైర్లు పీకి వెళ్తున్నారు, ఆయనేమో ఆకతాయి పని అనుకున్నాడు. తర్వాత కారు కంపెనీ సర్వర్‌కి చేరిన ఎర్రర్ కోడ్స్ చూసుకుని, కెన్ టిండెల్ అనే ఇంకో నిపుణుడితో కలిసి లాగితే డొంకంతా కదిలింది, 2023లో మొత్తం బయటపెట్టారు. సంగతేంటంటే, ఇప్పటి కార్లలో హెడ్‌లైట్లు కూడా తెలివైనవే, కారు లోపల కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే క్యాన్ బస్ అనే తీగ అక్కడిదాకా వస్తుంది. దొంగలు బయట నుంచి ఆ తీగకి తమ పరికరం కలిపి, "కీ సరైనదే, తలుపు తియ్యి" అనే మాటని నేరుగా లోపలికి ఎక్కించేస్తారు. అసలు కీతో పనే లేదు, మీ పౌచ్ ఇంట్లో భద్రంగా ఉంటుంది, అంతే. ఆ పరికరాన్ని పైకి బ్లూటూత్ స్పీకర్‌లా కనబడేలా డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు, ఎవరైనా తనిఖీ చేసినా పాటలు వినేదే అనుకుంటారు.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్ కూడా ఇలాంటి దారే, మెకానిక్ స్కానర్ పెట్టే ఆ 16 పిన్నుల సాకెట్, దొంగ లోపలికొచ్చాక అందులో ప్రోగ్రామర్ పెట్టి ఖాళీ కీని మీ కారుకి నేర్పించేస్తాడు. దానికి తాళం వేసే ఇనుప మూతలు దొరుకుతాయి, పెట్టించుకోవచ్చు.

వీటన్నిటికీ కంప్యూటర్‌తో సంబంధం లేని అడ్డు ఒకటి కావాలి, మళ్ళీ స్టీరింగ్ రాడ్ దగ్గరికే వచ్చాం చూడండి. లేదా గేర్ లాక్, లేదా టైరుకి బిగించే క్లాంప్. క్యాన్ బస్‌లో ఎంత గొప్ప అబద్ధం చెప్పినా ఇనుప కడ్డీకి చెవులు లేవు. ఇక ముందు బంపర్ కాస్త వదులైనట్టో, టైరు పైన ప్లాస్టిక్ ఊడినట్టో కనబడితే పిల్లల పని అని వదిలెయ్యకుండా ఆ రాత్రి నుంచే కారుని ఇంకోచోట పెట్టండి, వీలైతే ముందు భాగం గోడకి ఆనేలా.

ప్రశ్న: రహస్య స్విచ్ పెట్టించమంటున్నారు, అది ఆపితే కారు స్టార్ట్ అవ్వదంట. పెట్టించనా?

పాత కారైతే సంతోషంగా పెట్టించండి. ఫ్యూయల్ పంప్ రిలే వైర్‌కో, స్టార్టర్ వైర్‌కో మధ్యలో స్విచ్ పెడతారు. నన్నడిగితే స్టార్టర్ వైపు నయం, ఎందుకంటే పంప్ కట్ చేస్తే పైపులో మిగిలిన పెట్రోల్‌తో ఇంజన్ స్టార్ట్ అయి కాసేపు నడిచి రోడ్డు మధ్యలో ఆగొచ్చు, దొంగకి ఫర్లేదు గానీ స్విచ్ మర్చిపోయిన మీకు కష్టం. స్విచ్ మాత్రం స్టీరింగ్ కింద పెట్టించకండి, వాడు మొదట చెయ్యి పెట్టేది అక్కడే. కొత్త కారైతే వైరు కోసే ముందు వారంటీ సంగతి, ఇన్సూరెన్స్ సంగతి కనుక్కోండి, చాలాచోట్ల బయటివాళ్ళు వైర్ కోశారంటే వారంటీకి చెయ్యి చూపించేస్తారు. నేర్చుకుంటున్న కుర్రాడితో ఈ పని చేయించొద్దు, టేప్ చుట్టి వదిలేసిన జాయింట్ల వల్ల కాలిన కార్లని నా చేతులతో విప్పాను.

ప్రశ్న: ట్రాకర్ మంచిదా, ఎయిర్‌ట్యాగ్ పడేస్తే సరిపోతుందా?

రెండూ దొంగతనాన్ని ఆపవు, పోయాక ఎక్కడుందో చెప్తాయి, ఈ తేడా ముందు మనసులో పెట్టుకోండి. జీపీఎస్ ట్రాకర్‌కి సొంత సిమ్ ఉంటుంది, లోపల చిన్న బ్యాటరీ ఉన్నది తీసుకోండి, లేకపోతే దొంగ కారు బ్యాటరీ తియ్యగానే అదీ పడుకుంటుంది. జామర్ ఉన్నవాడి ముందు ఏ ట్రాకరైనా కాసేపు గుడ్డిదే, అందుకే సిగ్నల్ పోగానే ఫోన్‌కి మెసేజ్ కొట్టేది ఉంటే మేలు. ఎయిర్‌ట్యాగ్ అంటే ఆపిల్ కంపెనీ అమ్మే చిన్న బిళ్ళ, దానికి జీపీఎస్ లేదు, దారినపోయేవాళ్ళ ఆపిల్ ఫోన్లు బ్లూటూత్‌లో దాన్ని చూసి చెప్తే మీకు తెలుస్తుంది, అంటే జనం ఉన్నచోట బాగుంటుంది. పైగా అది మనుషుల వెంటపడటానికి వాడకుండా ఒక జాగ్రత్త పెట్టారు, తెలియని ఎయిర్‌ట్యాగ్ నీతో పాటు వస్తోందని పక్కనున్న ఫోన్‌కి వార్నింగ్ వస్తుంది. దొంగ ఫోన్‌కి కూడా వస్తుంది మరి. చవగ్గా ఉంది, పడేసుకోండి, దాని మీదే ఆశ పెట్టుకోకండి.

ఎత్తుకెళ్ళినవాళ్ళు చాలాసార్లు కారుని నేరుగా గుట్టుచోటికి తీసుకెళ్ళరు, ఒకట్రెండు రోజులు ఏదో మామూలు వీధిలో వదిలేసి చూస్తారు, ట్రాకర్ పట్టుకుని ఎవరైనా వస్తారేమో అని. అక్కడ చుక్క కనబడగానే మీ బావమరిదిని వెంటేసుకుని బయల్దేరకండి, ఆ చుక్క పోలీసులకి చూపించండి, దూరంగా కూర్చుని వాళ్ళు కూడా అదే కారుని చూస్తుండొచ్చు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నా. ఒక్క కీయే ఇచ్చాడు, రెండోది పోయిందన్నాడు. మంచివాడే అనిపించాడు.

మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అన్నారు. ఆ రెండో కీ నిజంగా పోయిందో, ఎవరి సొరుగులో ఉందో మీకెలా తెలుస్తుంది. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి ఈ కారుకి ఎన్ని కీలు ప్రోగ్రామ్ అయ్యున్నాయో చూడమనండి, స్కానర్ పెడితే చాలా కార్లలో చెప్పేస్తుంది. మీ చేతిలో ఉన్నది ఉంచి మిగతావన్నీ చెరిపేయించండి, అప్పుడే ఒక కొత్త స్పేర్ చేయించుకోండి. అయితే చెరిపేస్తే ఇంజన్ స్టార్ట్ అవ్వదు గానీ ఇనుప తాళం భాగం తలుపు తీస్తూనే ఉంటుంది, కాబట్టి లోపల విలువైనవి వదలొద్దు.

ఇప్పుడు అసలు అందరూ మర్చిపోయేది. కారుకి ఫోన్ యాప్ ఉందా? పాత యజమాని తన అకౌంట్ తియ్యకపోతే ఆయన ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనబడుతూనే ఉంటుంది, కొన్నింటికి తలుపు కూడా తియ్యొచ్చు. ఆయన దొంగ కాకపోయినా ఆ ఫోన్ ఇంకెవరికో అమ్మేస్తే? స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, కంపెనీ దగ్గర యాప్ మీ పేరుకి మార్పించుకోండి. మీరు కారు అమ్మేటప్పుడు కూడా ఇదే పని తిరగేసి చెయ్యాలి.

కొనేముందైతే ఇంకొకటి చెప్పేవాణ్ణి, ఇప్పుడైనా చూడండి. ఛాసిస్ నంబరు, 17 అక్షరాలు అంకెలు ఉంటాయి, ముందు అద్దం కింద, డోర్ దగ్గర, కాగితాల మీద మూడుచోట్లా ఒకటే ఉండాలి. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ రావు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని వాడరు, కాబట్టి వాటిలో ఏదైనా కనబడిందంటే అది చెక్కినవాడికి పని సరిగ్గా రాదన్నమాట.

ప్రశ్న: కారు అమ్మకానికి పెట్టాను, చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఎవరు ఎలాంటివాళ్ళో తెలీదు. ఏం జాగ్రత్తలు?

టెస్ట్ డ్రైవ్‌కి ఒంటరిగా పంపకండి, మీరు పక్కన కూర్చోండి, ఇంకొకరిని తోడు తీసుకెళ్తే ఇంకా మంచిది. సీటు మారేటప్పుడు ఇంజన్ ఆపి కీ మీ చేతిలోకి తీసుకున్నాకే దిగండి, మీరు దిగి అటు తిరిగొచ్చే నాలుగడుగుల్లో బండి కదిలిపోయిన కేసులున్నాయి. ఇంకో ట్రిక్ చూడ్డానికి ఎంత సింపులో. వచ్చినవాడు "ఏదీ కీ ఒకసారి" అని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేస్తాడు, కారు నచ్చలేదని వెళ్ళిపోతాడు. ఇచ్చింది మీ కీ కాదు, అదే మోడల్ కీ, పనిచెయ్యనిది. రాత్రికి వచ్చి మీ కీతో దర్జాగా తీసుకెళ్తాడు. ఎవరైనా చూసి వెళ్ళాక, వాళ్ళింకా కనుచూపు మేరలో ఉండగానే మీ చేతిలో కీ నొక్కి కారు పలుకుతుందో లేదో చూసుకోండి. కీకి చిన్న పెయింట్ చుక్క పెట్టుకుంటే ఇంకా సులువు.

ప్రశ్న: అరగంట క్రితమే చూశాను, కారు లేదు. ఫోన్‌లో మీ పాత సంచిక తిరగేస్తున్నా. ముందేం చెయ్యాలి?

ఈ ఉత్తరం నాకు చేరేసరికి నాలుగు రోజులైంది, మీతో ఫోన్‌లో మాట్లాడాను కూడా, అయినా మిగతావాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు ఇంట్లోవాళ్ళని అడగండి, నవ్వకండి, తమ్ముడు తీసుకెళ్ళిన కార్లకి కంప్లైంట్లు ఇచ్చినవాళ్ళున్నారు. నో పార్కింగ్‌లో పెట్టుంటే టో చేసుకెళ్ళారేమో కనుక్కోండి. రెండూ కాదంటే వెంటనే పోలీసులకి చెప్పండి, నంబర్ ప్లేట్ ఒక్కటే చాలదు, ప్లేట్ మార్చడం వాళ్ళకి రెండు నిమిషాల పని, ఛాసిస్ నంబరు, రంగు, ఎక్కడ సొట్ట ఉంది, ఏ అద్దం మీద ఏ స్టిక్కర్ ఉంది చెప్పండి. అందుకే కాగితాల ఫోటోలు ఫోన్‌లో ఉండాలి, ఒరిజినల్స్ కారులోనే పెట్టుకుంటే కారుతోనే పోతాయి. ట్రాకర్ ఉంటే దాని కంపెనీకి, తర్వాత ఇన్సూరెన్స్‌కి. ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా మొదట అడిగేది రెండు కీలూ చూపించమని. కీ కారులోనే వదిలేసి, ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏదో కొనడానికి దిగిన కేసుల్లో క్లెయిమ్ ఇవ్వం అని చెప్పే అవకాశం ఎక్కువ, పాలసీలో చూసుకోండి. చుట్టుపక్కల ఇళ్ళ కెమెరాలు ఆరోజే అడగండి, చాలావాటిలో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతూ ఉంటుంది.

ఇది కంగార్లో ఎవరికీ తట్టదు, కారులో ఏమేం ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ అడ్రస్ ఉన్న కాగితం ఉందా, గేటు రిమోట్ ఉందా, డాష్‌బోర్డులో ఇంటి తాళం స్పేర్ ఉందా? స్క్రీన్‌లో "హోమ్" నొక్కితే మ్యాప్ మీ ఇంటిదాకా దారి చూపిస్తుంది కూడా. ఈ ఉత్తరం రాసినాయన కారులో ఈ నాలుగూ ఉన్నాయి. ఆ సాయంత్రమే ఇంటి తాళాలు మార్పించుకోమన్నాను, మార్పించారు.